ప్రేమ్‌నాథ్ పరంగిమలై ఎక్కించే కార్లు

"చెవుడోడివి. ఇంజన్ చప్పుడు నీకెట్ల తెలుస్తాది?"

ఆరేళ్ళ కింద ధర్మలింగం చెట్టిగారు తన అంబాసిడర్‌ని మొదటిసారి చెన్నై రాయపురంలోని షెడ్డుకి తెచ్చినప్పుడు, కుశలమైనా విచారించకుండా అడిగిన మాట ఇది. అడిగిన ఆయనకి జార్జ్ టౌనులో తాతల నాటి పప్పుల హోల్‌సేల్ కొట్టుంది. జవాబు చెప్పాల్సినవాడు ప్రేమ్‌నాథ్, ఇప్పుడు అరవై ఒక్కేళ్ళ మెకానిక్కు. కుడి చెవి పూర్తిగా పోయింది, ఎడమ చెవిలో ఏదో కొంచెం మిగిలింది. ఎదుటివాళ్ళ పెదాలు చూసి మాట పట్టుకుంటాడు. ఆ మాటనీ పట్టుకున్నాడు.

"డాక్టరు జ్వరం చూసేది చెవితోనా, చెట్టిగారూ?"

"గుండె చూసే గొట్టం చెవిలోనే గదా పెట్టుకునేది."

"మీ కారుకి గుండె బాగుండాది. జ్వరమే. బానెట్టు ఎత్తండి."

మెకానిక్కుల మీద రాసేవాళ్ళంతా ఒకే అబద్ధాన్ని అరిగేదాకా వాడారు. అతను కళ్ళు మూసుకుంటాడు, ఇంజన్ అతనితో మాట్లాడుతుంది, అతను తల ఊపుతాడు, జబ్బు తెలిసిపోతుంది. ఇంజన్ ఎవరితోనూ మాట్లాడదు. మాట్లాడినా ప్రేమ్‌నాథ్‌కి వినపడదు. అయినా ఉత్తర చెన్నైలో కార్బొరేటరున్న పాత పెట్రోలు కార్లు ఇంకా నడుపుతున్నవాళ్ళు నలభై మందికి పైగా టైమింగ్ పెట్టించుకోవడానికి ఇతని దగ్గరికే వస్తారు. ఎందుకో చెప్పడానికి దైవదత్తమైన చెవి సంగతి ఎత్తక్కర్లేదు. ఒక లైటు, పది వేళ్ళు, ఒక నాలుక, ఒక పెళ్ళాం చాలు.

చెవులు పోవడం వెనక పెద్ద కథేమీ లేదు. వాళ్ళ తాత నెల్లూరు వైపు నుంచి హార్బరులో మూటలు మొయ్యడానికి వచ్చాడు. ఇంట్లో తెలుగు, చర్చిలో తమిళం, చదువూ రాతా తమిళం. పంతొమ్మిదేళ్ళకి ప్రేమ్‌నాథ్ ఓడల మరమ్మతు చేయించే ఒక కంట్రాక్టరు దగ్గర తుప్పు కొట్టే పనికి చేరాడు. ఓడ కడుపులో నీళ్ళ ట్యాంకులుంటాయి. వాటిలోకి దూరి గోడల తుప్పుని సుత్తితో రాల్చాలి. పదిమంది ఒకేసారి కొడతారు. చెవుల్లో పెట్టుకోమని దూది ఇచ్చేవాళ్ళట. ఆ దూదితో చెమట తుడుచుకునేవాళ్ళట. తొమ్మిదేళ్ళు. దీన్ని విషాదంగా చెప్పించాలని చూస్తే ఒప్పుకోడు. "తొమ్మిదేళ్ళు జీతం వచ్చింది గదా. ఆ దుడ్డుతోనే ఈ షెడ్డుకి అడ్వాన్సు కట్టినాను" అంటాడు. ఒకసారి చెవి మిషను కొన్నాడు. పెట్టుకుంటే ఇంజనూ ఫ్యానూ కాకులూ ఐసు లారీలూ అన్నీ కలిసి ఒకే మోతయ్యాయి. ఇప్పుడది చొక్కా జేబులో ఉంటుంది. చర్చికి పోయినా జేబులోనే ఉంటుంది. ప్రసంగం విషయంలో తనకేం నష్టం లేదంటాడు.

షెడ్డు చేపల హార్బరుకి రెండు సందుల ఇవతల. అక్కడ ఒక నియమం ఉంది: కారు కడిగి తేకూడదు. వచ్చినవాళ్ళు కారుకేమైందో బానెట్టు మీది దుమ్ములో వేలితో రాస్తారు. "పొద్దున స్టార్ట్ కాదు", "బ్రిడ్జి మీద లాగదు" అని తమిళంలో. అతను చదివి, పని చేసి, చివర గుడ్డతో తుడిచేస్తాడు. ధర్మలింగం చెట్టిగారి కారు మాత్రం ఎప్పుడూ అద్దంలా మెరుస్తుంటుంది, కాబట్టి ఆయన అరుస్తాడు. వీధంతా వింటుంది, ప్రేమ్‌నాథ్ తప్ప.

ఇక టైమింగ్ అంటే ఏమిటో. సిలిండరు లోపల పిస్టను పైకి వస్తూ పెట్రోలు కలిసిన గాలిని నొక్కుతుంది. ప్లగ్గు నిప్పంటిస్తుంది. ఆ మంట పిస్టన్ని కిందికి తోస్తుంది. అయితే అంటించగానే అంతా ఒక్కసారి మండదు, దానికి కాస్త వ్యవధి కావాలి. అందుకని పిస్టను పైకి చేరకముందే నిప్పు పెట్టాలి. ఎంత ముందు అన్నదే టైమింగ్. మరీ ముందు పెడితే పైకొస్తున్న పిస్టన్ని మంట ఎదురు కొడుతుంది. డబ్బాలో గోళీలు ఆడించినట్టు చప్పుడొస్తుంది. దీన్నే నాకింగ్ అంటారు. అట్లాగే నడిపితే ఇంజన్ ఉడికిపోతుంది, పిస్టన్లు పాడవుతాయి. మరీ ఆలస్యంగా పెడితే బండికి బలం ఉండదు, పెట్రోలు తాగుతుంది.

వేగం పెరిగేకొద్దీ నిప్పు ఇంకా ముందు పడాలి. అందుకు ప్లగ్గులకి నిప్పు పంచే డిస్ట్రిబ్యూటరు లోపల చిన్న బరువులున్నాయి, తిరిగే వేగానికి అవే విచ్చుకుంటాయి. కారు నింపాదిగా పోతున్నప్పుడు ఇంకో సంగతి ఉంది. అప్పుడు లోపలికి పోయే మిశ్రమం పలచన, పలచనిది నిదానంగా మండుతుంది, కాబట్టి మరికాస్త ముందే అంటించాలి. ఈ పని డిస్ట్రిబ్యూటరు పక్కనుండే గుండ్రటి రేకు డబ్బాది. దాని లోపల రబ్బరు పొర ఉంటుంది. గాలీ పెట్రోలూ కలిపే కార్బొరేటరు నుంచి వచ్చే సన్న పైపు డబ్బాలోని గాలిని పీలిస్తే పొర వంగి టైమింగ్‌ని ముందుకి లాగుతుంది. ఎత్తెక్కుతూ యాక్సిలరేటరు బాగా తొక్కితే ఆ పీల్పు తగ్గి, టైమింగ్ వెనక్కి వస్తుంది. దీన్ని వాక్యూమ్ అడ్వాన్సు అంటారు. ఇప్పటి కార్లలో కంప్యూటరు చేసే పని అప్పట్లో ఈ రబ్బరు ముక్కే చేసేది. దీనికి దణ్ణం పెట్టనక్కర్లేదు. చిరిగిందో లేదో చూసుకుంటే చాలు.

చూసే పద్ధతికి కొత్తవాళ్ళు రెండడుగులు వెనక్కి వేస్తారు. ప్రేమ్‌నాథ్ పైపు కొస నోట్లో పెట్టుకుని గట్టిగా పీల్చి, నాలుక కొసతో మూస్తాడు. నాలుక అట్లాగే అతుక్కుని పది లెక్కపెట్టేదాకా ఉంటే పొర బాగున్నట్టు. జారిపోతే చిరిగినట్టు. పెట్రోలు రుచికి అలవాటు పడ్డాడు. బంకు బంకుకీ రుచి వేరంటాడు, నమ్మాల్సిన పని లేదు.

తర్వాత ఆ పైపు ఊడదీసి, బాల్‌పెన్ను మూతతో కొస మూసి, టైమింగ్ లైటు తగిలిస్తాడు. మొదటి ప్లగ్గులో నిప్పు పడ్డప్పుడల్లా లైటు ఒకసారి వెలిగి ఆరుతుంది. ఇంజన్ ముందుండే పుల్లీ మీద గోళ్ళరంగుతో తెల్ల గీత పెట్టి ఉంటాడు. లైటు వేస్తే, తిరుగుతున్న పుల్లీ మీద ఆ గీత కదలకుండా నిలబడ్డట్టు కనిపిస్తుంది. పక్కన ఇంజన్ మీదున్న డిగ్రీల గుర్తుల్లో అది దేని దగ్గర నిలబడిందో అదే టైమింగ్. జరపాలంటే అంబాసిడర్ డిస్ట్రిబ్యూటరు పక్కన గరుకు అంచున్న చిన్న మర ఉంది. తిప్పితే టిక్కు టిక్కుమంటుంది. పదకొండు టిక్కులకి ఒక డిగ్రీ. అందరూ టిక్కులు వింటారు, ఇతను వేళ్ళతో లెక్కపెడతాడు. లెక్క ఎప్పుడూ తప్పలేదు.

ఇంతవరకూ చెవి అవసరం ఎక్కడా రాలేదు. వచ్చేది చివర్లోనే. కారుతో ఇచ్చిన పుస్తకంలో ఉన్న అంకె యాభై ఏళ్ళ కిందటిది. అప్పటి పెట్రోలు వేరు, ఇప్పటిది వేరు. ఇంజన్ కూడా అరిగి ఉంటుంది. కాబట్టి అసలు అంకె ఎత్తు మీద తేలాలి. పుస్తకం అంకెతో మొదలుపెట్టి, రెండేసి డిగ్రీలు పెంచుకుంటూ ఎత్తెక్కించాలి. గోళీల చప్పుడు మొదలైన చోట ఆగి, ఒక డిగ్రీ వెనక్కి రావాలి. ఆ చప్పుడు కంటికి కనపడదు, వేలికి తగలదు.

చెన్నైలో ఎత్తెక్కడ? బల్లపరుపు ఊరు. కొత్త బ్రిడ్జీలు ఎక్కిస్తే ట్రాఫిక్కులో మొదటి గేరు దాటదు. అందుకని ఊరి దక్షిణం వైపున్న పరంగిమలై కొండ. మీద పాత చర్చి ఉంది, అక్కడిదాకా కార్లు పోయే రోడ్డుంది. పది కార్లు బాగు చేస్తే పదిసార్లూ ఇతను కొండెక్కుతాడని రాయపురంలో భక్తిపరుడన్న పేరు వచ్చింది. మీద కారు తిప్పుకుని దిగిపోతాడన్న సంగతి వాళ్ళకి తెలీదు.

ఆ కార్లలో ఎడమ సీటు జెబది. జెబ ఇతని భార్య. తెల్లవారుజామున హార్బరులో రొయ్యల వేలం పాడి రెండు హోటళ్ళకి సరుకు పంపుతుంది. వేలంలో ఇరవై మంది ఒకేసారి అరుస్తుంటే ఎవడి నోట్లోంచి ఏ ధర వచ్చిందో తప్పకుండా చెప్పగల మనిషి. ఆ చెవిని పరంగిమలై ఎక్కిస్తాడు. ఆమె ఎడమ సీట్లో కూర్చుని అరచెయ్యి అతని తొడ మీద పెడుతుంది. గోళీలు మొదలవ్వగానే ఒక చరుపు చరుస్తుంది. గట్టిగానే.

"మెల్లిగా కొట్టగూడదా?" అని ఒకసారి అడిగాడు.

"మెల్లిగా కొట్టాలంటే చప్పుడు మెల్లిగా రావాల" అంది.

ఇరవై రెండేళ్ళు ఇట్లా జరిగింది. ఆమెని పనిలో భాగమని ఎవరూ అనుకోలేదు, ఆమె కూడా అనుకోలేదు. మొగుడితో కారులో షికారు, అంతే.

పోయిన జూలైలో మాధవరంలో జెబ అక్క చెంగమ్మకి మోకాలి ఆపరేషనయింది. జెబ పన్నెండు రోజులు అక్కడే ఉండిపోయింది. సరిగ్గా ఆ రోజుల్లోనే ధర్మలింగం చెట్టిగారు వచ్చాడు. పాత కార్లవాళ్ళ సంఘం ఆదివారం ఏలగిరి కొండకి పోతోంది, ముప్ఫై కార్లు, ఈయనా పోవాలి.

"పదిరోజులు ఆగగూడదా?" అన్నాడు ప్రేమ్‌నాథ్.

"కొండ ఆగతాది. సంఘం ఆగదు."

ప్రేమ్‌నాథ్ ఒప్పుకోకుండా ఉండాల్సింది. ఒప్పుకున్నాడు. జెబ సీట్లో చెట్టిగారినే కూర్చోబెట్టుకున్నాడు. "డబ్బాలో గోళీలాడినట్టు చప్పుడొస్తే నా భుజం మీద కొట్టండి. సిగ్గుపడొద్దు" అని రెండుసార్లు చెప్పాడు. చెట్టిగారు తలూపాడు.

మొదటి తూరి పుస్తకం అంకె మీద ఎక్కారు. చరుపు లేదు. దిగి, ఇరవై రెండు టిక్కులు తిప్పి, మళ్ళీ ఎక్కారు. లేదు. మూడో తూరి, ఇంకో ఇరవై రెండు. లేదు. మామూలుగా రెండో తూరికే జెబ చెయ్యి లేస్తుంది. ఈ ఇంజన్ గట్టిదనుకున్నాడు. నాలుగో తూరి కూడా చెట్టిగారి చెయ్యి ఒళ్ళోనే ఉంది. లైటు వేస్తే గీత పుస్తకం అంకెకి ఆరు డిగ్రీల అవతల నిలబడి కనిపించింది. అక్కడ ఆగి ఆలోచించాల్సింది. డబ్బు తీసుకుని పంపేశాడు.

ఏలగిరి కొండకి పద్నాలుగు మలుపులు. చెట్టిగారి కారు అయిదో మలుపులో ఆగింది. రేడియేటరు మూత నుంచి ఆవిరి లేచింది. మిగతా ఇరవై తొమ్మిది కార్లూ ఒక్కొక్కటిగా పక్కనుంచి పోయాయి, కొన్ని హారన్ కూడా కొట్టాయి. కారు లారీ మీద ఇంటికొచ్చింది. పిస్టన్లు దక్కాయి, మర్యాద దక్కలేదు. ఆ రాత్రే సంఘం వాట్సాప్ గ్రూపులో చెట్టిగారు రాశాడు: "చెవిటివాడికి ఇంజన్ అప్పగించాను. బుద్ధి తక్కువ నాదే."

ప్రేమ్‌నాథ్ తిండి అంతా ఆ గ్రూపులోవాళ్ళ మీదే. కొత్త కార్ల పని అతనికి రాదు, వాటిలో తిప్పడానికేమీ లేదు. మొదటి వారం రెండు కార్లు రావాల్సింది రాలేదు. రెండో వారం ఒక్కటీ లేదు. ఒకాయన మర్యాదగా ఫోనులో మెసేజీ పెట్టాడు, బండి అమ్మే ఆలోచనలో ఉన్నానని. మర్నాడు అదే బండి అంబత్తూరులో ఒక గ్యారేజీ ముందు కనిపించింది. నెలాఖరుకి షెడ్డు అద్దె జెబ రొయ్యల డబ్బులోంచి పోయింది. ఇంకో రెండు నెలలు ఇట్లాగే పోతే షెడ్డు వదిలెయ్యాలి. అరవై ఏళ్ళ చెవిటివాడిని ఎవరూ వాచ్‌మన్‌గా కూడా పెట్టుకోరని లెక్క వేసుకున్నాడు.

జెబ మాధవరం నుంచి వచ్చి అంతా విన్నాక అడిగిన మొదటి మాట: "లైటేం చెప్పింది?"

"ఆరు డిగ్రీలని చెప్పింది."

"మరి?"

"లైటుని నమ్మలేదు. చెట్టిగారి చెయ్యిని నమ్మినాను."

"నా చెయ్యి అయ్యుంటే?"

"నీ చెయ్యి అయ్యుంటే రెండో తూరికే తొడ వాచిపోయుండును."

ఆమె నవ్వలేదు. మర్నాడు వేలం అయ్యాక, చీర కూడా మార్చుకోకుండా జార్జ్ టౌను పోయింది. కొట్టులో గల్లాపెట్టె దగ్గర ధర్మలింగం, కంప్యూటరు దగ్గర ఆయన కూతురు సంయుక్త. సంయుక్త సీఏ చదివి నాన్న లెక్కలు చూస్తుంది. కొట్టులోకి రొయ్యల వాసన రాగానే చెట్టిగారు కుర్చీలో వెనక్కి జరిగాడు.

"మేము చేపలు తినేవాళ్ళం కాదమ్మా."

"అమ్మడానికి రాలేదు సార్. నేను ప్రేమ్‌నాథ్ భార్యని. ఆ పొద్దు కారులో మా ఆయన పక్కన ఎవరు కూర్చున్నింది?"

"నేనే. అయితే?"

"చప్పుడు వినలేదా?"

"నాకేం తెలుస్తాది, పప్పులమ్మేవాడిని."

"పప్పులో రాయుంటే తెలుస్తాది గదా, అంతే సార్ ఇదీ."

చెట్టిగారు కంది పప్పు బస్తాల వైపు చూశాడు. జెబ వదల్లేదు. "ఇప్పుడు కారెట్లుండాది?"

దీనికి సంయుక్త జవాబు చెప్పింది. "లీటరుకి ఏడు కిలోమీటర్లు, ఆంటీ. అంబత్తూరులో చేయించినాము. చప్పుడు బొత్తిగా లేదు, బలమూ లేదు. బ్రిడ్జి ఎక్కాలంటే దిగి తొయ్యాల. నాన్న ఇంకా అదే బాగుందంటాడు."

"నేనెప్పుడన్నాను?"

"నిన్న అన్నావు, నాన్నా. తోసేటప్పుడు."

జెబ అంది: "ఆదివారం పరంగిమలైకి తీసుకురండి. ముందు నేను కూర్చుంటాను, ఎనక మీరిద్దరూ కూర్చోండి. బాగు కాకపోతే మళ్ళీ గ్రూపులో రాయండి, ఈతూరి నా పేరు కూడా పెట్టి."

బేరం నచ్చిందో, రోజూ తొయ్యడం నచ్చలేదో, చెట్టిగారు సరేనన్నాడు.

ఆదివారం కొండ కింద ప్రేమ్‌నాథ్ బానెట్టెత్తాడు. వాక్యూమ్ పైపు కొసలో ఒక స్క్రూ బిగించి ఉంది. అంబత్తూరు గ్యారేజీవాళ్ళు గోళీల బాధ వదిలించుకోవడానికి టైమింగ్‌ని బాగా వెనక్కి లాగేసి, వాక్యూమ్ అడ్వాన్సుని ఏకంగా మూసేశారు. చప్పుడు పోయింది, దాంతోపాటు కారు కూడా పోయింది. ప్రేమ్‌నాథ్ స్క్రూ తీసి చెట్టిగారి చేతిలో పెట్టాడు. పైపు నోట్లో పెట్టుకుని పీల్చి నాలుకతో మూశాడు.

"ఏం చేస్తాడీయన?" అంది సంయుక్త.

"కారుకి ముద్దు పెడతాడు. నాకెప్పుడూ ఇంతసేపు పెట్టలేదు" అంది జెబ.

పొర బాగుంది. పైపు తీసి మూసి, లైటు వేసి, టైమింగ్‌ని పుస్తకం అంకెకి తెచ్చి, మొదటి తూరి ఎక్కారు. జెబ చెయ్యి కదల్లేదు. దిగి, ఇరవై రెండు టిక్కులు. రెండో తూరి సగం ఎక్కేసరికి చరుపు పడింది. ప్రేమ్‌నాథ్ ఒక్కసారిగా యాక్సిలరేటరు వదిలాడు. అదే సమయానికి వెనక సీట్లో చెట్టిగారు ముందుకు వంగి, కూతురి మోచెయ్యి పట్టుకుని అన్నాడు:

"ఆ, ఇదే, ఇదే. ఆ పొద్దు కూడా ఇట్లే..."

తర్వాత మాట మింగాడు. ఆలస్యమైంది.

"ఏ పొద్దు, నాన్నా?" అంది సంయుక్త.

జెబ వెనక్కి తిరిగింది. ప్రేమ్‌నాథ్‌కి ఏమీ వినపడలేదు గానీ అద్దంలో చెట్టిగారి ముఖం చూశాడు. కారు పక్కకి తీసి ఆపాడు.

"మీరు విన్నారు" అంది జెబ.

"కొంచెం విన్నాను."

"ఎన్నో తూరి?"

"రెండు. మూడు. నాలుగోతూరి బాగానే వినపడింది."

"మరి భుజం మీద కొట్టమన్నాడు గదా?"

చెట్టిగారు కిటికీలోంచి బయటికి చూస్తూ చెప్పిన సంగతి ఇది. ఆయన అరవై నాలుగేళ్ళ జీవితంలో పని చేసేవాడి ముందు, చేయించుకోవచ్చిన పని తప్ప, తనంతట తాను ఇంకో లోపం చెప్పలేదు. ప్లంబరు ముందు చెప్పలేదు, పళ్ళ డాక్టరు ముందు కూడా చెప్పలేదు. నోరు తెరిచి ఇంకో లోపం చూపిస్తే బిల్లులో ఇంకో వరస చేరుతుంది. ఇది వాళ్ళ నాన్న నేర్పిన వ్యాపారం. కాబట్టి గోళీలు వినపడగానే చేతులు రెండూ ఒళ్ళో పెట్టుకుని గట్టిగా పట్టుకున్నాడు. మెకానిక్కు కనిపెట్టకపోతే అంత మిగులు అనుకున్నాడు.

జెబ ఇదంతా మొగుడికి పెదాలు కదిపి, వేళ్ళు తిప్పి చెప్పింది. ప్రేమ్‌నాథ్ స్టీరింగు వదిలి వెనక్కి తిరిగాడు. తర్వాత అన్నాడు:

"మీరు చెప్పలేదు. లైటు చెప్పింది, నేను వినలేదు. ఇద్దరం చెవుడోళ్ళమే, చెట్టిగారూ."

దీని మీద నాలుగు నీతులు చెప్పడానికి మంచి అవకాశం ఉంది. అక్కడ ఎవరికీ తీరిక లేదు, ఎండ ఎక్కుతోంది. ప్రేమ్‌నాథ్ దిగి పదకొండు టిక్కులు వెనక్కి తిప్పాడు. కారు కిందికి తెచ్చి, మూడో తూరి ఎక్కించాడు. అంబాసిడర్ మూడో గేరులోనే, ఎవరినీ బతిమాలించుకోకుండా, మీదిదాకా పోయింది. జెబ చెయ్యి తొడ మీదే ఉంది, చరుపు లేదు. ఇన్నిసార్లు పైకొచ్చి ఒక్కసారైనా లోపలికి రాని క్రైస్తవుణ్ణి చూసి చర్చి వాచ్‌మన్ ఎప్పటిలాగే మొహం తిప్పుకున్నాడు.

మీద పైపు మళ్ళీ తగిలించి, దిగి, విమానాశ్రయం వైపు చదును రోడ్డు మీద యాభైలో పదిహేను నిమిషాలు నడిపారు. నింపాదిగా పోతున్న ఇంజన్ ఒక్కసారి కూడా వణకలేదు. సంయుక్త కూడా నడిపింది. "ఇది మన కారేనా, నాన్నా?" అని తమిళంలో అడిగింది. చెట్టిగారు అద్దం దించి మోచెయ్యి బయట పెట్టుకుని కూర్చున్నాడు.

ఫోను తీసి నాన్న చేతిలో పెట్టిందీ సంయుక్తే. "రాయి. గ్రూపులో."

"సాయంత్రం రాస్తాను."

"ఇప్పుడు."

ఆయన రాసింది రెండు వాక్యాలు. "ఆ రోజు చప్పుడు నాకు వినపడింది, నేను చెప్పలేదు. కారు ఇప్పుడు బాగుంది." క్షమాపణ అన్న మాట అందులో లేదు, ప్రేమ్‌నాథ్ ఎదురుచూడనూ లేదు. నలభై మంది పాతకార్లవాళ్ళకి కావలసింది కూడా క్షమాపణ కాదు, రెండో వాక్యం. మంగళవారం ఒక కారు వచ్చింది. బానెట్టు నిండా దుమ్ము, దుమ్ములో "నేను విన్నవన్నీ చెప్తాను" అని రాసి ఉంది. ఆగస్టు ఆఖరుకి వారానికి మూడు. బండి అమ్మే ఆలోచనలో ఉన్నాయన కూడా తిరిగొచ్చాడు, ఆలోచన మానుకున్నానన్నాడు. ప్రేమ్‌నాథ్ అంబత్తూరు మాట ఎత్తలేదు. షెడ్డు అద్దె మళ్ళీ షెడ్డు సంపాదనలోంచే పోతోంది. ఇప్పుడతను జెబ ఊళ్ళో లేనప్పుడు ఎవరి కారూ ముట్టుకోడు, ఎంత పెద్దవాళ్ళు వచ్చినా సరే. ఆదివారాలు కొండెక్కి దిగాక ఇద్దరూ కింద హోటల్లో పూరీ తింటారు. ఆ పూరీ కోసమే వస్తానని జెబ అంటుంది.

అది నిజం కాదు. ఆ ఆదివారం కొండ కింద చెట్టిగారు పర్సు తీసి ప్రేమ్‌నాథ్‌కి పదిహేను వందలు లెక్కపెట్టి ఇచ్చాక, జెబ కూడా చెయ్యి చాచింది.

"నీదేంది?" అన్నాడాయన.

"చెవి. తూరికి రెండొందలు, మూడు తూర్లు."

"భార్యకి వేరే బిల్లా?"

"వేరే పని, వేరే బిల్లు. ఇరవై రెండేళ్ళు ఊరికే చేసినాను, అందుకే ఎవురికీ కనపడలేదు. మీ పుణ్యమా అని తెలిసింది."

ప్రేమ్‌నాథ్ పెదాలు చూసి అర్థం చేసుకున్నాడు, చొక్కా జేబు తడుముకుని, తనకేమీ వినపడనట్టు బానెట్టు దించడంలో మునిగిపోయాడు. సంయుక్త ఎందుకో నవ్వాపుకోలేక కారు అవతలికి పోయింది. చెట్టిగారు పర్సు మూసి, చిల్లర లేదు, రేపు ఫోనులో వేస్తానన్నాడు.

ఆ రోజు నుంచి వచ్చిన ప్రతి కారువాడూ జెబకి తూరికి రెండు వందలు కొండ కిందే ఇచ్చేశాడు. ధర్మలింగం చెట్టిగారి ఆరు వందలు మాత్రం ఇంకా రాలేదు.